టికెట్టు కన్నా ముందు గాలివాటం

మైలవరం చుట్టుపక్కల మామిడి తోటలున్న ఇళ్లలో వేసవి ప్రయాణం కాయ కోత అయ్యాకే. ఆఖరి బంగినపల్లి కాయ లారీ ఎక్కేసరికి మే నెలాఖరు. బడులు తెరిచేది జూన్ 12. మధ్యలో మిగిలేది రోహిణి కార్తె. ఆ పదిరోజులకు కేరళ టికెట్లు కొనేవాళ్లు, నైరుతి రుతుపవనాలు అక్కడ అడుగుపెట్టే సాధారణ తేదీ జూన్ 1 అని మరిచిపోతారు. ఎండకు మాడినవాళ్లకు వానే పండగ కదా అనొచ్చు. పెద్దలకు నిజమే, సముద్రం పోటెత్తి బీచ్‌కి వెళ్లొద్దంటే గది కిటికీ పట్టుకుని నిలబడే పిల్లలకు ఏం పండగ? వానలు చెప్పిన రోజుకే వస్తాయా అన్నదీ సబబైన ప్రశ్నే: కేరళకు 2023లో జూన్ 8న వచ్చాయి, 2025లో మే 24నే దిగాయి. తేదీ జరుగుతుంది గానీ గాలి దిశ మారదు. నైరుతి గాలి కొండలకు ఎదురువైపు కురిసి, అవతలి వైపును దాదాపు పొడిగా వదిలేస్తుంది. అందుకే జూన్‌లో శ్రీలంకలో కొలంబో తడుస్తుంటే ట్రింకోమలీలో సముద్రం నెమ్మదిగా ఉంటుంది. థాయిలాండ్‌లో ఫుకెట్ కన్నా సముయి నయం. భూమధ్యరేఖకు దిగువనున్న బాలిలో అది పొడికాలం. ఏరువాకకు కార్తె చూసే మనం ప్రయాణానికీ చూసుకోవాలి: ముందు గాలి, తర్వాత ఊరు, చివరికి టికెట్టు.