పెట్టలకు గూడేది?

"కోడి నైజమే అంత మాస్టారూ, పొడుచుకోక మానవు" అన్న మాట మా డెల్టాలో పెరటికోళ్ళు ఉన్న ప్రతి ఇంటా వినవస్తుంది. నెత్తురోడుతున్న పెట్టను చూపించి మరీ ఈ మాట అంటారు. ఈ మాటకు నేను బద్ధవిరోధిని. నైజమనే పదాన్ని మనవాళ్ళు తమ బద్ధకానికి పర్యాయపదంగా వాడుకుంటున్నారని నా అభియోగం.

కోళ్ళలో పెద్దరికం ఉన్న మాట నిజమే. నార్వే దేశస్థుడైన షెల్డెరుప్ ఎబ్బే చిన్ననాటి నుంచి కోళ్ళను గమనించి, ఏది దేనిని పొడుస్తుందో లెక్కలు వ్రాసుకొని, 1921లో ఆ వరుసక్రమాన్ని లోకానికి వెల్లడించాడు. ఆ తరువాత ఆ మాట కోళ్ళను దాటి కార్యాలయాలకూ, హాస్టళ్ళకూ ప్రాకింది. ర్యాగింగును "ప్రకృతి ధర్మం" అని సమర్థించే పెద్దమనుషులను నా ఉద్యోగకాలంలో చూశాను. వారి ప్రకృతి ధర్మాన్ని నిషేధించటానికి మన రాష్ట్రం 1997లో ఒక చట్టమే చేయవలసివచ్చింది. వీరెవరూ ఆ పరిశీలన సారాన్ని పట్టించుకోలేదు. వరుస ఒకసారి కుదిరిన మందలో కొట్లాట తగ్గుతుంది. పెద్దపెట్ట మెడ చాచి చూస్తే చాలు, చిన్నపెట్ట తప్పుకుంటుంది. నెత్తురు కారేదాకా వచ్చిందంటే తప్పుకోవటానికి చోటు లేదన్నమాట. ఆ చోటు ఇవ్వవలసినవాడు యజమాని.

అన్నిటికంటె చోటు అవసరమైన వేళ గుడ్డుపెట్టే వేళ. గుడ్డు దిగటానికి గంటా గంటన్నర ముందునుంచే పెట్ట కుదురుగా ఉండదు. మూలలు వెదుకుతుంది, గొణుగుతుంది, చీకటిగా మరుగుగా ఉన్న తావు కావాలంటుంది. ఆ తావును మరొక పెట్ట ఆక్రమించి ఉంటే గడపలో నిలబడి అరుస్తుంది. బలహీనమైనదైతే తన్నులు తిని బయటికి వచ్చి వెలుతురులో, నట్టనడి పెరట్లో గుడ్డు పెడుతుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది. గుడ్డు వెలువడే క్షణంలో లోపలి ఎర్రని పొర కాసేపు బయటికి కనిపిస్తుంది. ఎరుపు కనిపిస్తే ముక్కుతో తాకి చూడటం కోడికి అలవాటు. ఒకటి పొడుస్తుంది, నెత్తురు వస్తుంది, ఆ నెత్తురు చూసి తక్కినవి చేరతాయి. సాయంత్రానికి ఆ పెట్ట ఉండదు. పైగా నేలమీద పగిలిన గుడ్డును రుచి చూసిన కోడి ఇక గుడ్లు త్రాగటం మానదు. ఒక్క చీకటి గూడు లేకపోవటం వల్ల ఇన్ని జరుగుతాయి. దీనికి నైజమని పేరు పెట్టి చేతులు దులుపుకుంటున్నాం.

"మా నాయనమ్మ ఏ పెట్టెలు చేయించిందండీ? ఒక్క గంప పెట్టేది, అంతే" అని ఎదురుచెప్పేవారున్నారు. వారికి సవినయంగా ఒక మాట. ఆ గంప వెనుక ఎంత ఇల్లు ఉండేదో గుర్తు తెచ్చుకోండి. పశువుల సావిడి ఉండేది, గాడి ఉండేది, గడ్డిమేటు ఉండేది, అటక ఉండేది. గంప దొరకని పెట్ట గడ్డిమేటు పక్కన తొలుచుకొని దొంగగూడు పెట్టుకొనేది. పిల్లలం ఆ గుడ్లు వెదికి తెచ్చేవాళ్ళం. ఇప్పుడు కోతమిషన్లు వచ్చాయి, సావిళ్ళు పోయాయి, గడ్డిమేటు ఊరికి ఒకటి కనిపిస్తే గొప్ప. ప్రహరీగోడల నడుమ సిమెంటు చేసిన పెరట్లో పెట్ట ఎక్కడ దాగాలి?

రెండవ సంగతి ఇంతకంటె ముఖ్యం. నాయనమ్మగారి నాటుపెట్ట ఏడాదికి అరవై డెబ్భై గుడ్లు పెట్టి, మధ్యమధ్య పొదుగుకు కూర్చునేది. ఏ రోజైనా గుడ్డుకు వచ్చేవి ఒకటి రెండే. నేడు హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థవారు రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతులు పల్లెపల్లెకూ చేరాయి. గ్రామప్రియ నాటుకోడికి రెండింతలు మించి గుడ్లు పెడుతుంది. మంచిదే, ఆడవారి చేతికి నాలుగు డబ్బులు వస్తున్నాయి. కాని గుడ్లు రెండింతలైతే గూటి ముందు బారు కూడా రెండింతలవుతుందని ఎవరూ ఆలోచించలేదు. గుడ్ల లెక్క మారింది, గంప లెక్క మారలేదు. దానికితోడు బరువైన వనరాజాను తెచ్చి సన్నని నాటుపెట్టల మధ్య పట్టపగలు వదిలిపెడతారు. అది మొదటి రోజునే ఒకదాని నెత్తి చీరుస్తుంది. కొత్తకోడిని కొన్ని వారాలు జల్లెడ తడిక అవతల ఉంచి, ఒకదానినొకటి చూసుకోనిచ్చి, ఆపైన కలపాలి. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చి కోళ్ళు కుప్పకూలినప్పుడు చూశాం కదా, సంతకోడిని తిన్నగా మందలో కలపటం రోగరీత్యానూ అవివేకమే.

ఇక వైద్యాల సంగతి. ఒకాయన "ముక్కు కాల్చించెయ్యండి, పీడా వదులుతుంది" అని సలహా చెప్పాడు. తణుకు, అనపర్తి ప్రాంతాల షెడ్లను చూసి నేర్చిన విద్య. ఇనుప పంజరంలో కాగితమంత చోటులో కోడిని పెట్టేవారికి ముక్కు కోయటం తప్పనిసరి అయి ఉండవచ్చు. ఆ పంజరాలే తగవని కేంద్ర న్యాయ కమిషను 2017లో తన 269వ నివేదికలో చెప్పింది. ముక్కు గోరువంటిది కాదు. దానిలో నరాలున్నాయి, అది కోడికి చెయ్యి వంటిది. పెరట్లో చీమనూ చెదపురుగునూ ఏరుకొని బ్రతికే కోడికి చెయ్యి నరికి, గూడు మాత్రం కట్టనంటే ఎట్లా? మరొకాయన "పొడిచేదాన్ని కోసుకు తినండి" అన్నాడు. మొదటిది పోతే రెండవది మొదటిదవుతుంది. ఎన్నింటిని తింటారు?

నా ఇంట తొమ్మిది పెట్టలకు మూడు పెట్టెలున్నాయి. నాలుగైదు పెట్టలకు ఒక పెట్టె చాలునన్నది శాస్త్రం, ఆ లెక్కన రెండు సరిపోవాలి. కాని ఒకదానిలో పెద్దపెట్ట తిష్ఠ వేస్తుంది, ఒకదానిలో పొదుగుకోడి లేవనంటుంది. కాబట్టి మూడవది దీనజనుల కొరకు. అడుగు వెడల్పు, అడుగు లోతు, అడుగున్నర ఎత్తు. ముందు నాలుగంగుళాల అడ్డుపలక, లోపల వరిగడ్డి. వెలుతురుకు పెడమొగంగా, ఎలుకా నీరూ చేరకుండా నేలకు అడుగున్నర పైన, కాని కోళ్ళు రాత్రి నిద్రించే దూలంకంటె దిగువన ఉండాలి. కోడి ఎత్తైన చోటనే పడుకుంటుంది గనుక, పెట్టె పైన ఉంటే రాత్రంతా అందులో రెట్టలే. మూడింటినీ ఒకే చోట పేర్చక ఎడంగా ఉంచాలి. ఒకే పెట్టెకు అన్నీ ఎగబడితే ఖాళీ పెట్టెలో సుద్దతో గుడ్డు చేసి పెట్టండి. (మాస్టారింట సుద్దముక్కలకు కొదవలేదు.) పాత పండ్ల పెట్టెలతో పని జరిగిపోతుంది. వీటితోపాటు మేతగిన్నెలు రెండు చోట్ల పెట్టండి. నూకలు ఒక్కటే వేయక తవుడు, ఆకుకూర, నత్తగుల్లల పొడి చేర్చండి. గాయపడినదానిని వేరుచేసి, మానినదాకా తక్కినవాటి కంట పడనీయకండి.

ఇంత చిన్న పని మన గోదావరివాసులకు చేతకాదని నేను నమ్మను. పుంజు విషయంలో మన శ్రద్ధ చూడండి. డేగ, కాకి, నెమలి, సేతువ అంటూ ఈకల రంగునుబట్టి నామకరణాలు. ఏ రంగు ఏ రోజు ఏ దిక్కున గెలుస్తుందో చెప్పటానికి కుక్కుటశాస్త్రం. బాదంపప్పు, వేటమాంసం, ఈత, మర్దన. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉన్నా, 1974 నాటి జూద చట్టం ఉన్నా, సంక్రాంతి మూడు రోజులూ బరులు నిండుతూనే ఉన్నాయి. సంస్కృత పండితులూ తక్కువ తినలేదు. తామ్రచూడము, చరణాయుధము అని బిరుదులన్నీ పుంజుకే ఇచ్చారు. గుడ్డు పెట్టేదానికి ఒక్క బిరుదూ లేదు.

మా ప్రక్క వీధిలో ఒక పుంజుకు పంకా ఉన్న గది ఉంది. దాని తల్లి ఎక్కడ గుడ్డు పెడుతుందని ఆ ఇంటివారిని అడిగాను. మోటారు షెడ్డులో, ఖాళీ సిమెంటు సంచి మీద అన్నారు. వెళ్ళి చూశాను. సంచి మీద మరొక పెట్ట కూర్చుని ఉంది. ఆ తల్లి బయట ఎండలో, మెడమీద ఈకలు లేకుండా, గుమ్మం వంక చూస్తూ నిలబడి ఉంది.