పెరటి మేక మనకు కొత్త కాదు, టీకానే కొత్త



ఈ మధ్య ఫోన్లలో పొట్టి మేకల వీడియోలు తెగ తిరుగుతున్నాయి. మెడలో గంట, చలికి చొక్కా, సోఫా మీద పడక. అమెరికాలో పెరట్లో కుక్కపిల్లల్లాగా పెంచుకుంటున్నారట. మనవాళ్లు కొందరు నవ్వారు. ఒక చెల్లి మాత్రం "మా ఇంట్లో మేకలున్నాయని హాస్టల్లో ఎవరికీ చెప్పలేదు, బట్టలు వాసన అంటారని. వాళ్లు పెంచితే ఫ్యాషనా?" అంది. అక్కడి నుంచే ఈ పోస్టు రాయాలనిపించింది.

ఆ పొట్టి మేకలు అమెరికావి కావు. పిగ్మీ మేకలు కామెరూన్ వైపు పల్లెల్లో, పేదల పెరళ్లలో తిరిగినవి. అక్కడి నుంచి యూరప్ జంతు ప్రదర్శనశాలలకు వెళ్లాయి. 1950ల్లో అమెరికా చేరాయి. తర్వాత ముద్దు జంతువులయ్యాయి. మేక అదే, పెరడు మారింది, అంతే.

మన ఇళ్ల సంగతి మనకు తెలుసు. పుట్టిన పిల్లను రాత్రి నక్క ఎత్తుకుపోకుండా గంప కింద మూస్తాం. వానలో తల్లి మేక పాకలో తడుస్తుంటే అమ్మ దాన్ని పొయ్యి పక్కకే తెచ్చి కట్టేస్తుంది. స్కూలు నుంచి వచ్చి ముందు పనస కొమ్మ విరిచి దానికి వేశాకే మనం గంజి తాగేవాళ్లం. ప్రతిదానికీ పేరుంటుంది. అయినా మనం దాన్ని 'పెట్' అనం. ఎందుకంటే అమ్ముతాం, పండక్కి కోస్తాం. జూన్‌లో కాలేజీ ఫీజు కట్టాల్సి వస్తే నాన్న పోతుకు తాడు కట్టి సంతకు తోలుకెళ్తాడు, ఆ రాత్రి తమ్ముడు కంచం ముట్టడు. ఇది ప్రేమ కాదని ఎవరన్నా అంటే మేం ఒప్పుకోం. (ఒక్క మేకను తెచ్చి అపార్ట్‌మెంట్ బాల్కనీలో కట్టేయడమే మాకు క్రూరంగా కనిపిస్తుంది. అది మంద జంతువు, ఒంటరిగా ఉంటే అరిచి అరిచి చస్తుంది. పెంచితే కనీసం రెండు పెంచాలి.)

అంత ప్రేమ ఉండి కూడా మనం చేయని పని ఒకటుంది.

పోయిన వానాకాలం మా ఊళ్లో మేకలు వరసగా పోయాయి. ముందు జ్వరం, ముక్కు కారడం, కళ్లకు పుసులు, నోట్లో పుళ్లు, ఆ తర్వాత ఆగని పారుడు. పెద్దలు అమ్మవారి కోపం అన్నారు. కొందరు చచ్చేలోపు నాలుగు రూపాయలైనా వస్తాయని సంతకు తోలేశారు. దాంతో పక్క ఊరికీ అంటుకుంది. మాలో ఒకరికి ఆ ఏడాది కోచింగ్ డబ్బులు అలాగే పోయాయి. అది పి.పి.ఆర్., మనవాళ్లు పారుడు రోగం అంటారు. మన దేశంలో దీన్ని మొదట 1987లో తమిళనాడులో గుర్తించారు. మనుషులకు అంటదు. వచ్చాక దానికి నేరుగా పనిచేసే మందు లేదు, కానీ రాకుండా టీకా ఉంది. మన దేశంలోనే తయారైన టీకా. మూడు నాలుగు నెలలు దాటిన పిల్లకు ఒకసారి వేస్తే కనీసం మూడేళ్లు కాపాడుతుంది. 2030 నాటికి ఈ రోగాన్ని ప్రపంచంలోనే లేకుండా చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు.

మరి మన మేకలకు ఎందుకు పడటం లేదు? డాక్టర్లను తిట్టడం తేలిక, మేమూ తిట్టాం. తర్వాత అడిగి తెలుసుకుంటే అసలు చిక్కు సీసా దగ్గరుంది. ఒక్కో సీసాలో 50కో 100కో సరిపడా మందు ఉంటుంది. చల్లగా ఉంచాలి, కలిపాక గంటల్లోనే వాడేయాలి, మిగిలింది పారబోయాలి. మైదానంలో ఒక్కో మందలో వందల జీవాలుంటాయి కాబట్టి సీసా విప్పుతారు. మన దగ్గర ఇంటికి రెండు, మూడు. కొండెక్కి వచ్చి మూడు మేకల కోసం సీసా ఎవరు విప్పుతారు? ఊరి మేకలన్నీ ఒకే పొద్దున ఒకచోట ఉంటేనే పని జరుగుతుంది. ఆ ఒక్క పని బయటివాళ్ల వల్ల కాదు, మనవల్లే అవుతుంది.

పెద్ద జాతి మేకలు ఇప్పిస్తే బాగుపడతాం అనే మాట కూడా వింటున్నాం. జమునాపారి ఉత్తరప్రదేశ్‌లో యమున ఒడ్డు మేక, బోయర్ దక్షిణాఫ్రికాది. మన కొండ వానకూ మన ఆకుకూ అలవాటుపడింది మన చిన్న మేకే. ఐదు నెలలకు ఈనుతుంది, తరచుగా కవలల్ని ఇస్తుంది. ముందు ఉన్నవాటిని బతికించుకుందాం. చిటుక రోగం టీకా కూడా తొలకరి కొత్త గడ్డి మేయకముందే పడాలి, నట్టల మందు కూడా.

మేత గురించి ఒక్క మాట. నిజాం కాలంలో పశువుల మేతకు కట్టించుకున్న పన్ను మీద కొమురం భీం తిరగబడ్డాడు, 1940లో ప్రాణమిచ్చాడు. ఇప్పుడు 2006 అటవీ హక్కుల చట్టంలో మేత ఊరి ఉమ్మడి హక్కుగా రాసి ఉంది. మేక అడవికి శత్రువు అని ఎవరైనా బెదిరిస్తే 3(1)(డి) చూపించండి. అలాగని లేత మొక్కల మీదికి మందను వదిలేయమని కాదు, మన తాతలు కూడా అలా వదల్లేదు.

వేసవి సెలవుల్లో అందరం ఊళ్లలోనే ఉంటాం కదా. నోటుబుక్కులో ఇంటింటి లెక్క రాయండి: పెంటి ఎన్ని, పోతు ఎన్ని, నెలలు నిండని పిల్లలెన్ని. లెక్క యాభై దాటగానే దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి ఇచ్చి తేదీ అడగండి. దారి తెలియకపోతే 1962కి ఫోన్ చేయండి. ఆ రోజు పొద్దున్నే మేకల్ని మేతకు వదలొద్దని ముందు రాత్రే ఊరంతా చెప్పాలి, అసలు కష్టం అక్కడే ఉంటుంది. మా ఊళ్లో పై వీధి లెక్క అయింది, ఇప్పటికి 37. కింది వీధి ఆదివారం.