కళ్లలో ఆనందం ఎవరికి?

మొద్దు శీను అనగానే మా వయసు వాళ్లకి గుర్తొచ్చేది ఒక డైలాగు. సూరి కళ్లలో ఆనందం చూడటం కోసమే పరిటాల రవిని చంపానని టీవీకి చెప్పిన మాట. ఇప్పుడది మీమ్. శనివారం ఆఫీసుకి ఎందుకొచ్చావురా అంటే, మేనేజర్ కళ్లలో ఆనందం కోసం అంటాడు పక్క సీటువాడు. 2005 జనవరి 24న అనంతపురం టీడీపీ ఆఫీసులో పారిన రక్తం గురించి వాడికి తెలియాల్సిన పని లేదు, జోకు ఎలాగూ పేలుతుంది.

ఆ డైలాగు చెప్పినవాడు ఎలా పోయాడో గుర్తున్నవాళ్లు మాత్రం తక్కువ. 2008 నవంబర్ 9 రాత్రి అనంతపురం జైల్లో నిద్రపోతుంటే, తోటి ఖైదీ ఓంప్రకాశ్ డంబెల్‌తో తల మీద కొట్టి చంపాడు. ఆ వార్త విన్నవాళ్లలో ఎక్కువమంది అన్నమాట ఒకటే: చేసుకున్నవాడికి చేసుకున్నంత. ఈ విషయంలో మన భాషకి కరువు లేదు. పాపం పండింది, ఉసురు తగిలింది, కత్తి పట్టినవాడు కత్తికే పోతాడు. ఇన్ని మాటలు రెడీగా ఉన్నచోట ఎంక్వైరీ రిపోర్టు ఎవడికి కావాలి?

నా గొడవ ఈ మాటలతోనే. జనం అంటే అన్నారు. చదివేవాళ్లం, రాసేవాళ్లం కూడా జైల్లో చావుని కథకి ముగింపులాగే చదువుతున్నాం. దుర్మార్గుడు చచ్చాడు, లెక్క సరిపోయింది, పుస్తకం మూసేయొచ్చు. కథ కాబట్టి మనకి నచ్చుతుంది. కానీ అక్కడ ఆగిపోయింది ఒక విచారణ.

ఒక్కసారి సామెత పక్కన పెట్టి చూడండి. రవి హత్య కేసులో కీలకమైన నిందితుడు. అతని ప్రాణం మీదకి వస్తుందని రాయలసీమలో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. అలాంటివాడి పక్కన ఇంకొకణ్ణి పడుకోబెట్టాలని ఎవరు అనుకున్నారు? అర్ధరాత్రి డంబెల్ చేతికి అందేచోట ఎందుకుంది? కాపలా మనిషి ఎక్కడున్నాడు? వీటికి డిటెక్టివ్ బుర్ర అక్కర్లేదు. రిజిస్టర్లలో, సంతకాల్లో జవాబులు దొరికే ప్రశ్నలివి.

మా పనిలో ఒక పద్ధతుంది. సర్వర్‌కి పిచ్చెక్కితే దాన్ని ఆపేసే ముందు లాగ్స్ తీసి దాచుకుంటాం. లాగ్స్ తీయకుండా రీస్టార్ట్ కొట్టినవాడు ఆ రాత్రికి హీరో. పొద్దున్నే అదే సమస్య మళ్లీ వస్తుంది, ఎందుకొచ్చిందో చెప్పగలిగేది ఏదీ మిగలదు. శీను బోనులో నిలబడి క్రాస్ ఎగ్జామినేషన్‌లో చెప్పాల్సినవి ఉన్నాయి. తుపాకులు ఎవరివి, డబ్బు ఎవరిది, చూసీ చూడనట్టు ఊరుకున్నది ఎవరు. 2011లో అనంతపురం కోర్టు తీర్పు చెప్పేనాటికి శీను లేడు, సూరి కూడా లేడు. శీనుని చంపిన ఓంప్రకాశ్ 2020లో విశాఖ జైల్లో శిక్ష అనుభవిస్తూనే జబ్బు చేసి పోయాడు. కెన్నెడీని కాల్చాడని పట్టుకున్న ఆస్వాల్డ్‌ని రెండో రోజే, 1963 నవంబర్ 24న, డాలస్ పోలీసు హెడ్‌క్వార్టర్స్‌లోనే జాక్ రూబీ కాల్చేశాడు. రూబీ కూడా 1967లో కస్టడీలో ఉండగానే జబ్బుతో పోయాడు. అరవై ఏళ్లు దాటినా అమెరికావాళ్లు ఆ ప్రశ్నని వదల్లేదు. అందులో పిచ్చి కుట్ర సిద్ధాంతాలు బోలెడు, ఒప్పుకుంటాను. కనీసం అడుగుతున్నారు కదా.

మనమేం చేశాం? 'రక్త చరిత్ర' రెండు భాగాలు చూశాం. రెండోది 2010 డిసెంబర్ 3న వచ్చింది. సరిగ్గా నెలకి, 2011 జనవరి 3న, హైదరాబాద్‌లో కారులో సూరిని కాల్చేశారు. అప్పటికి అతను జైలు నుంచి బయటికొచ్చి ఎక్కువ కాలం కాలేదు. మూడో భాగం ఎప్పుడంటూ జోకులేసుకున్నాం. రాంగోపాల్ వర్మని తిట్టడం తేలిక, నేనా పని చెయ్యను. పగ అనే చట్రం ఆయన కనిపెట్టింది కాదు. ఇరవై ఏళ్ల ఫ్యాక్షన్ సినిమాలు, వాటికి రాసిన రివ్యూలు కలిసి కట్టిన చట్రమది. అందులో జైలు అంటే ఫైటు పెట్టుకునే సెట్టు.

ఫ్యాక్షన్ వాళ్లు వాళ్లలో వాళ్లు చంపుకుంటే నీకేం నొప్పి అంటారా? సరే, పోలీసులే చంపిన చోటికి వద్దాం. 2015 ఏప్రిల్ 7. వరంగల్ సెంట్రల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకి వికారుద్దీన్‌నీ, ఇంకో నలుగురినీ వ్యాన్‌లో తీసుకొస్తున్నారు. ఎస్కార్ట్ 17 మంది. ఆలేరు దగ్గర ఐదుగురూ చచ్చిపోయారు. తుపాకీ లాక్కోబోయారని పోలీసుల మాట. బయటికొచ్చిన ఫొటోల్లో శవాలు సీట్లలోనే ఉన్నాయి, చేతులకి బేడీలు ఉన్నాయి. ముందు వారమే సూర్యాపేట బస్టాండులో పోలీసుల్ని కాల్చి చంపారు, ఊరంతా రగిలిపోయి ఉంది. చంపినవాళ్లతో ఈ ఐదుగురికీ సంబంధం లేదు, అప్పటికే ఏళ్ల తరబడి జైల్లో ఉన్నారు.

తీవ్రవాది మీద జాలా, అతని చేతిలో పోయారంటున్న పోలీసుల కుటుంబాల సంగతేంటి అని అడుగుతారు. నేనూ అదే అడుగుతున్నాను. ఆ కేసు చివరికొచ్చింది. ఇంకొన్నాళ్లు ఆగితే, మా మనిషిని చంపింది వీడే అని ఆ కుటుంబాలకి కోర్టు కాగితం మీద రాసిచ్చేదేమో. వీడు కాదు అని తేలి ఉంటే, అసలువాడెవడో వెతకమని అడిగే హక్కు వాళ్లకి ఉండేది. ఆ రెండూ ఆలేరు రోడ్డు మీదే పోయాయి. వాళ్లని తీసుకొచ్చిన వరంగల్ జైలుని కూడా 2021లో కూల్చేశారు, ఆసుపత్రి కట్టడానికి.

నాలుగేళ్ల తర్వాత మళ్లీ అదే స్క్రిప్టు. దిశ కేసు నిందితులు నలుగురు చర్లపల్లి జైలు నుంచి పోలీసు కస్టడీకి వచ్చారు, 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లిలో చచ్చారు. మళ్లీ తుపాకీ లాక్కోబోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఆ కథ నమ్మలేదు. చంపాలనే కాల్చారంది, పదిమంది పోలీసుల్ని హత్య కేసులో విచారించాలంది, నలుగురిలో ముగ్గురు మైనర్లంది. ఆ రిపోర్టు 2022లో బయటికొచ్చినప్పుడు పూలు చల్లినవాళ్లెవరూ దాని గురించి మాట్లాడినట్టు నేను చూడలేదు.

పూలు చల్లడం ఒక అలవాటుగా ఎలా మారుతుందో నేను మా ఏరియాలోనే చూశాను. మా చంపాపేట నుంచి సైదాబాద్ వైపు వెళ్తే సింగరేణి కాలనీ వస్తుంది, ఇంకాస్త ముందుకెళ్తే చంచల్‌గూడ జైలు గోడ. 2021 సెప్టెంబర్‌లో ఆ కాలనీలో ఆరేళ్ల పాపని చంపేశారు. నిందితుణ్ణి పట్టుకుని ఎన్‌కౌంటర్ చేస్తామని ఒక మంత్రి కెమెరా ముందే అన్నాడు. ఇంకా దొరకని మనిషి గురించి! రెండ్రోజులకి స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రైలు పట్టాల మీద శవం దొరికింది. ఆత్మహత్య అన్నారు పోలీసులు. హైకోర్టు న్యాయ విచారణ జరపమంది. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు వరసగా పడ్డాయి. మా పై ఫ్లోర్ ఆంటీ ఒక్కావిడే రాసింది: ఇంతకీ వాడేనా? ఎవరూ జవాబివ్వలేదు. కాసేపటికి నీళ్ల ట్యాంకర్ గురించి మెసేజ్ వచ్చింది.

సాహిత్యం వాళ్లం ఆ ఆంటీ పక్కన నిలబడతామని అనుకుంటాం. నిలబడ్డామా? జైలు మీద మనకి ఘనమైన చరిత్రే ఉంది. దాశరథి నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశాడని పిల్లల పుస్తకాల్లో కూడా చెప్పుకుంటాం. వరవరరావు జైల్లో జబ్బుపడితే సంతకాలు పెట్టాం, పెట్టాలి కూడా. కానీ మన జాలి కవిత్వం రాయగల ఖైదీ దగ్గర ఆగిపోతోంది. కవిత్వం రానివాడి కోసం, నిజంగా చెడ్డవాడి కోసం, మనకి చూడగానే ఒళ్లుమండేవాడి కోసం అడగడాన్ని పౌరహక్కుల సంఘాలకి వదిలేశాం. ఆలేరప్పుడు వాళ్లే అడిగారు, తిట్లూ వాళ్లే తిన్నారు. బాలగోపాల్ సీమ ముఠాల హింస గురించి రాస్తే వ్యాసం బాగుందంటూ షేర్ చేస్తాం. ఆయన అడిగినట్టు అడగమంటే మాత్రం కథలోకి దూకేస్తాం.

పోనీ కథలే రాద్దాం. ఫ్యాక్షన్ మీద ఇన్ని సినిమాలొచ్చాయి, ఇన్ని నవలలొచ్చాయి. 2008 నవంబర్ 9 రాత్రి అనంతపురం జైల్లో డ్యూటీలో ఉన్న వార్డర్ ఏం విన్నాడు, తెల్లారి రిజిస్టర్‌లో ఏం రాశాడు అని ఎవరైనా రాసిన ఒక్క కథ నాకు తెలుగులో కనబడలేదు.