జిరాక్స్ మిషన్‌కి సరిపోయిన ఆటగాడు

2003లో అమెరికా ఎన్‌బీఏ జట్లు కొత్త బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను ఎంచుకుంటే, కైల్ కోర్వర్ అనే కుర్రాడికి 51వ స్థానం దక్కింది. ఎంచుకున్న న్యూజెర్సీ వాళ్లు కూడా అతన్ని ఉంచుకోలేదు, ఫిలడెల్ఫియా జట్టుకి డబ్బుకి అమ్మేశారు. ఆ డబ్బులో కొంత ఆఫీసుకి జిరాక్స్ మిషన్ కొనడానికి పోయింది. ఈ మాట కోర్వర్ తనే చెప్పాడు.

అతనిది మెరుపు వేగం కాదు. ఉన్నదల్లా గురి. దాదాపు 24 అడుగుల దూరంలో గీత ఉంటుంది, దాని అవతల నుంచి బుట్టలో వేస్తే 3 పాయింట్లు. 17 సీజన్లు అదే పని చేసి అలాంటివి 2,450 వేశాడు. 2009-10లో ఉటా జట్టుకి ఆడుతూ 110 విసిరితే 59 పడ్డాయి. 2015లో ఆల్‌స్టార్ అయ్యాడు. 2003లో మొదటి స్థానంలో ఎంపికైన లెబ్రాన్ జేమ్స్ పక్కనే 2017, 2018 ఫైనల్స్ ఆడాడు. కప్పు మాత్రం దక్కలేదు, అదీ నిజమే.

యార్డులో మన సరుకుకి తక్కువ పాట పాడితే గొడవ పడతాం కదా, మొదటి రోజు రేటు కొనేవాడి అంచనాయే అని మనకి తెలుసు. మరి పదో తరగతి మార్కులు రాగానే ఇంట్లో పిల్లాడికి మనమే రేటు కట్టేస్తామేం? "వీడికి ఆ ఒక్క పని తప్ప ఏమీ రాదు" అంటాం. ఆ ఒక్క పనికే నాలుగు పంటల కాలం ఇచ్చి చూడండి. మీరేమంటారు?