ఆట నాణేల మాటున దొంగసొమ్ము

నేటి విద్యార్థి లోకంలో సెల్‌ఫోను ఆటలు ఎరుగనివారు అరుదు. ఆట ఉచితంగానే లభిస్తుంది. కాని అందులో ముందంజ వేయదలచినవారు రత్నాలు, నాణేలు, ఆయుధాలు, వేషాలు సొమ్ము పెట్టి కొనవలసి వుంటుంది. ఈ వస్తువులు చేతికి అందవు, త్రాసులో తూగవు. అయినప్పటికీ వాటికి వెల వున్నది, కొనువారున్నారు, అమ్మువారున్నారు. వెల కలిగి చేతులు మారగల ప్రతి వస్తువూ దొంగసొమ్మును దాచుటకు పనికివస్తుందనేది లోకానుభవం. పూర్వం భూమి, బంగారం అందుకు ఉపయోగపడినాయి. నేడు ఆటవస్తువులు కూడా ఆ వరుసలో చేరినాయి. ఇది పోలీసులకు, బ్యాంకులకు మాత్రమే సంబంధించిన విషయమని విద్యార్థులు తలచరాదని నా అభిప్రాయం. ఏలననగా ఈ గొలుసు చివరి కొస ఆటగాని చేతిలోనే వుంటున్నది.

అక్రమార్జనను సక్రమార్జనగా చూపే ప్రక్రియను మనీ లాండరింగ్ అంటారు. అందులో మూడు మెట్లున్నాయి. నేరం వలన వచ్చిన సొమ్మును ఏదో ఒక వ్యవస్థలో ప్రవేశపెట్టుట మొదటిది. జాడ తెలియకుండా పలు చేతులు మార్చుట రెండవది. న్యాయార్జితం వలె తిరిగి రాబట్టుకొనుట మూడవది. ఆటలో ఈ మెట్లు ఎంత సులభంగా ఎక్కవచ్చునో గమనించండి. దొంగ పరుల క్రెడిట్ కార్డు వివరాలను అపహరిస్తాడు. కల్పిత నామంతో ఆటలో ఖాతా తెరచి, ఆ కార్డుతో రత్నాలు కొంటాడు. పిదప ఆ రత్నాలనో, మొత్తం ఖాతానో తక్కువ ధరకు ఎక్కడో మరొక దేశంలోని ఆటగానికి అమ్ముతాడు. ఆటగాడు ఇచ్చిన కష్టార్జితం దొంగకు చేరుతుంది. దొంగ కొన్న సొత్తు ఆటగానికి మిగులుతుంది.

ఇది కేవలం ఊహ కాదు. 2018లో క్రోమ్‌టెక్ అనే భద్రతా పరిశోధన సంస్థవారు కాపలా లేకుండా వున్న ఒక డేటాబేస్‌ను కనుగొన్నారు. అందులో వేలాది దొంగ కార్డుల వివరాలున్నాయి. వాటి సహాయంతో క్లాష్ ఆఫ్ క్లాన్స్, క్లాష్ రాయల్, మార్వెల్ కాంటెస్ట్ ఆఫ్ ఛాంపియన్స్ అనే ఆటలలో ఖాతాలు యంత్రసహాయంతో తెరచి, కొనుగోళ్ళు జరిపి, అమ్ముకొనుచున్న ముఠా వ్యవహారం బయటపడినది. మరుసటి సంవత్సరం, 2019 అక్టోబరులో, కౌంటర్ స్ట్రైక్ ఆట నిర్వాహకులైన వాల్వ్ కంపెనీవారు ఇంకను విస్మయకరమైన ప్రకటన చేసినారు. ఆ ఆటలో పెట్టెలు తెరచుటకు తాళపుచెవులు అమ్ముతారు. ఒక్కొక్కటి సుమారు రెండున్నర డాలర్లు. ఆటగాళ్ళ మధ్య చేతులు మారుచున్న తాళపుచెవులలో దాదాపు అన్నియు మోసపు సొమ్ముతో కొన్నవేనని తాము విశ్వసిస్తున్నట్లు కంపెనీయే అంగీకరించినది. నాటినుండి కొత్తగా కొన్న తాళపుచెవిని కొన్న ఖాతానుండి మరొకరికి బదిలీ చేయుటకు వీలులేకుండా చేసినది.

నీరు పల్లమెరుగును అన్నట్లు దొంగసొమ్ము కాపలా లేని చోటును వెదకుకొంటుంది. బ్యాంకు ఖాతా తెరచుటకు గుర్తింపు పత్రాలు చూపాలి. అనేక ఆటలలో ఖాతాకు ఒక ఇ-మెయిల్ చిరునామా చాలు. బ్యాంకులో పెద్ద మొత్తం కదిలితే ప్రశ్న పుడుతుంది. ఆటలో మొత్తాలు స్వల్పం, లావాదేవీలు అసంఖ్యాకం. చినుకు చినుకు కలిసి వరదైనను, ఏ ఒక్క చినుకునూ ఎవరూ అనుమానించరు.

మన హైదరాబాదు కూడా ఈ జాడ్యానికి దూరంగా లేదు. 2020లో రంగులను ఊహించి పందెం కాసే చైనా ఆన్‌లైన్ ఆటల వ్యవహారాన్ని నగర పోలీసులు ఛేదించినారు. సుమారు 1,100 కోట్ల రూపాయల లావాదేవీలు జరిగినట్లు వెల్లడించినారు. ఆ కేసు ఆధారంగా ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ దాదాపు 47 కోట్ల రూపాయల బ్యాంకు నిల్వలను స్తంభింపజేసినది. అది ఆటవస్తువుల అమ్మకం కాదు, ఆట ముసుగులోని జూదం. అయినను అక్కడ కూడా పనికివచ్చినది అరువు పేర్లే. కాగితాలపై డైరెక్టర్లుగా కొందరు భారతీయుల పేర్లను వాడుకొన్నారు. ఉర్దూనుండి మన తెలుగులోకి వచ్చిన ‘బేనామీ’ అనే మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించి ధనపు పందెంతో కూడిన ఆటలను నిషేధించినది. ఇది హర్షణీయం. కాని పందెం లేని సామాన్యపు ఆటలు, వాటిలోని కొనుగోళ్ళు ఆ నిషేధంలోనికి రావు. రాకూడదు కూడా. ఆట నేరం కాదు. ఇష్టపడి వెల చెల్లించుట నేరం కాదు. కావున ఈ ద్వారానికి కాపలా చట్టం ఒక్కటే కాలేదు. కొనువాని విచక్షణ కూడా కావాలి.

“అయిదు వందల నాణేలు రెండు వందలకు వస్తే కొనుటలో తప్పేమి? అమ్మువాడు ఎవరో నాకెందుకు?” అని కొందరు మిత్రులు వాదించవచ్చు. దేశానికొక ధర వుండుటచేత కొంత వ్యత్యాసం సహజమే. కాని కంపెనీ స్వయంగా అమ్మే ధరలో సగానికి లోపుగా, నిత్యమూ, అపరిచితుడు ఎట్లు అమ్మగలడు? తాను వెల చెల్లించనివాడే అట్లు అమ్మగలడు. ఆ చౌకయే సాక్ష్యం. కార్డు స్వంతదారు ఫిర్యాదు చేసిననాడు కంపెనీ ఆ నాణేలను వెనుకకు తీసుకొనవచ్చును, ఖాతానే మూసివేయవచ్చును. ఆ నష్టం చిన్నది. కమీషన్‌కు ఆశపడి తన బ్యాంకు ఖాతాను అపరిచితుల రాకపోకలకు ఇచ్చిన విద్యార్థికి కలిగే నష్టం పెద్దది. 2002 నాటి మనీ లాండరింగ్ నిరోధక చట్టం ప్రకారం, తెలిసి సహకరించినవాడు కూడా నేరస్థుడే. శిక్ష మూడేండ్లకు తక్కువ కాని కఠిన కారాగారవాసం, ఏడేండ్లవరకు వుండవచ్చు. పైగా ఆరోపణ నమోదైన పిదప, ఆ సొమ్ము నేరానికి సంబంధించినది కాదని నిరూపించుకొను భారం నిందితునిపైనే పడుతుంది. ఉద్యోగం కొరకు దరఖాస్తు వ్రాయవలసిన చేతితో బెయిలు దరఖాస్తు వ్రాయవలసి వచ్చుట ఎంత విచారకరం!

కావున విద్యార్థి సోదర సోదరీమణులకు నా మనవి. ఆడండి, కొనదలచినచో ఆట కంపెనీ వద్దనే కొనండి. మీ ఖాతాను అమ్మవద్దు, అద్దెకివ్వవద్దు. కళాశాల పాలక వర్గంవారికి కూడా ఒక విన్నపం. ప్రతి సంవత్సర ప్రారంభంలో ఒక గంటసేపు బ్యాంకు అధికారిచేతనో, సైబర్ నేరాల పోలీసు అధికారిచేతనో ఈ విషయంపై ఉపన్యాసం ఏర్పాటు చేయగలరు. వ్యయం స్వల్పం. ఒక్క విద్యార్థి పేరు కళంకితం కాకుండా నిలిచినను ఆ గంట సార్థకమైనట్లే.