జుక్కల్ దాకా రావలసిన మార్గదర్శనం

దేశంలో పనిచేస్తున్న ముస్లింలలో 61 శాతం మంది స్వయం ఉపాధిపైనే ఆధారపడి ఉన్నారని, హిందువులలో ఈ సంఖ్య 55 శాతమని 2006లో సచార్ కమిటీ నివేదిక వెల్లడించింది. పంక్చర్ దుకాణం, కుట్టుమిషను, పండ్ల బండి, మెకానిక్ షెడ్డు, గాజుల అంగడి. మన ఇళ్లలో పొయ్యి వెలిగించేవి ఇవే. కాబట్టి చిన్న వ్యాపారికి ప్రభుత్వం చూపే దారి అతని గుమ్మం వరకు వస్తోందా లేదా అన్నది మైనారిటీ హక్కులకు సంబంధించిన ప్రశ్న.

జుక్కల్‌నే చూద్దాం. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడింది. పాలన ప్రజలకు చేరువవుతుందని అప్పుడు చెప్పారు. కానీ మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులను ఆనుకుని ఉన్న ఈ ప్రాంతం కొత్త జిల్లాలోనూ ఒక కొసనే మిగిలింది. పరిశ్రమల శాఖ, మైనారిటీ సంక్షేమ శాఖల జిల్లా కార్యాలయాలు కామారెడ్డిలో ఉన్నాయి. ఒక్క దరఖాస్తు సంగతి కనుక్కోవాలంటే చిన్న వ్యాపారి ఆ రోజు దుకాణం మూసుకోవాలి. ఆ రోజు ఆదాయమూ, బస్సు ఛార్జీలూ ఎవరు భరిస్తారు? ఈ ఇబ్బంది నుంచే దళారి పుడతాడు.

దళారి అమ్మే సరుకులో అధికభాగం ఉచితంగా దొరికేదే. 2020 జూలై 1 నుంచి అమలులో ఉన్న ఉద్యమ్ నమోదుకు ప్రభుత్వ రుసుము లేదు, ఆధార్ ఆధారంగా జరుగుతుంది. 2015లో మొదలైన ముద్రా రుణాలకు ఆస్తి తాకట్టు అక్కరలేదు. శిశు విభాగంలో ₹50 వేల వరకు, కిశోర్‌లో ₹5 లక్షల వరకు ఇస్తారు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమంలో మైనారిటీలు ప్రత్యేక వర్గం కింద వస్తారు. గ్రామంలో ₹10 లక్షల యూనిట్ పెడితే సొంత వాటా 5 శాతం, అంటే ₹50 వేలు. సబ్సిడీ 35 శాతం, అంటే ₹3.5 లక్షలు. అయితే ఆ సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లపాటు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, ఆ తర్వాత రుణంలో సర్దుబాటు అవుతుంది. పైగా బీడీల తయారీ వంటి పనులకు ఈ పథకం వర్తించదు. ఈ షరతులు ముందే చెప్పేవారుంటే ఎన్నో కుటుంబాలకు వృథా ప్రయాస తప్పుతుంది.

సరిహద్దు వ్యాపారికి మరో చిక్కు ఉంది. సరుకుల అమ్మకంలో జీఎస్టీ నమోదు పరిమితి మహారాష్ట్రలో, కర్ణాటకలో ఏడాదికి ₹40 లక్షలు కాగా తెలంగాణలో ₹20 లక్షలే. అంతేకాక, పన్ను వర్తించే సరుకును పొరుగు రాష్ట్రంలోని కొనుగోలుదారుకు పంపితే టర్నోవర్ ఎంత తక్కువైనా సాధారణంగా నమోదు తప్పదు. జుక్కల్, మద్నూర్ దుకాణదారుకు దెగ్లూర్ రోజూ లావాదేవీలు జరిగే ఊరు. చట్టం దృష్టిలో మాత్రం పరాయి రాష్ట్రం. ఈ సంగతి నోటీసు అందాక తెలియడం న్యాయం కాదు.

ఇక మాట నిలుపుకోవలసిన బాధ్యత ప్రభుత్వానిది. 2025లో రాజీవ్ యువ వికాసం పేరిట ₹4 లక్షల వరకు యూనిట్లకు 70 నుంచి 100 శాతం సబ్సిడీ ప్రకటించారు. నిరుద్యోగ యువత కులం, ఆదాయ పత్రాల కోసం వరుసల్లో నిలబడింది. జూన్ 2న అందుతాయన్న మంజూరు పత్రాల పంపిణీ వాయిదా పడింది. దరఖాస్తు పెట్టిన యువకుడికి తన ఫైలు ఏ దశలో ఉందో తెలుసుకునే హక్కు ఉంది. సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబు రావాలి. బ్యాంకు రుణం నిరాకరిస్తే ముఖ్య కారణాన్ని లిఖితపూర్వకంగా తెలపాలని రిజర్వు బ్యాంకు నియమావళి చెబుతోంది. "మేనేజరు వద్దన్నాడు" అన్న నోటిమాటతో వెనుదిరగకండి.

వడ్డీ విషయంలో ధార్మిక సంకోచం ఉన్న కుటుంబాలు మనలో అనేకం. వడ్డీ రహిత బ్యాంకింగ్‌కు అవకాశమివ్వాలని 2008లో రఘురామ్ రాజన్ కమిటీ సూచించింది. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లబోమని 2017లో రిజర్వు బ్యాంకు తేల్చింది. అందువల్ల బ్యాంకు రుణంతో ముడిపడని సబ్సిడీల అవసరం మన సమాజానికి ఎక్కువ. ఈ కోరిక ప్రభుత్వం ముందు స్పష్టంగా పెట్టాలి.

మా కోరికలు పెద్దవేమీ కావు. నెలకొకసారి జుక్కల్ మండల కేంద్రానికి పరిశ్రమల, మైనారిటీ సంక్షేమ, బ్యాంకు అధికారులు కలిసి రావాలి. దరఖాస్తులు అక్కడే తీసుకొని రసీదు ఇవ్వాలి. ఉర్దూ 2017 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష. కనుక మార్గదర్శక పత్రాలు తెలుగుతోపాటు ఉర్దూలోనూ ఉండాలి. మరాఠీ, కన్నడం మాట్లాడే ఇరుగుపొరుగుకూ ఇదే సౌకర్యం కల్పించాలి. ఈ లేమి ముస్లింలది మాత్రమే కాదు, ఆ కొసన బతుకుతున్న దళిత, గిరిజన, వెనుకబడిన కుటుంబాలందరిదీ.

సమాజం చేయవలసిన పనీ ఉంది. చదువుకున్న యువత వారానికి ఒక సాయంత్రం కేటాయించి, మస్జిద్ కమిటీల సహకారంతో దరఖాస్తులు నింపిపెట్టాలి. ప్రతి దరఖాస్తు నంబరునూ, తేదీనీ ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. ఎన్ని పెట్టాం, ఎన్ని వచ్చాయి, ఎన్ని ఎందుకు తిరస్కరించారన్న లెక్క చేతిలో ఉన్నప్పుడే అధికారుల ముందు మన మాటకు బరువుంటుంది.