కోతుల దగ్గర ఆగిపోయిన సింబా



ఈ నెల మీతో ఒక వీడియో గేమ్‌ను గురించి మాట్లాడాలనుకుంటున్నాను. ఈ పేజీలో ఆటల సంగతి ఏమిటని ఆశ్చర్యపోకండి. ఆ ఆట మూలంగా నేను ఒక తండ్రిగా చేసిన తప్పు, దాదాపు ముప్పై ఏళ్ళ తరువాత నాకు తెలిసివచ్చింది. మీలో ఎవరైనా ఆ తప్పు చేయకుండా ఆగితే నాకు సంతోషం.

వేసవి సెలవులకు మా మనుమడు వచ్చాడు. తొమ్మిదేళ్ళవాడు. ఒకరోజు మధ్యాహ్నం వాళ్ళ నాన్న కంప్యూటర్‌లో ఏదో ఆడుకుంటున్నాడు. నేను పక్కన కుర్చీలో పేపరు చదువుకుంటున్నాను. ఉన్నట్టుండి వాడు, "తాతయ్యా, ఈ కోతులు నన్ను ముందుకు పోనివ్వడం లేదు" అన్నాడు. గొంతులో ఏడుపు వినిపించింది. కళ్ళజోడు సవరించుకుని చూశాను. తెరమీద ఒక సింహపు పిల్ల ఉన్నది. ఒక కోతి దాన్ని పట్టుకుని ఇంకో కోతి వైపు విసిరింది. ఆ కోతి మరో కోతి వైపు విసిరింది. చివరకు పిల్ల బయలుదేరిన చోటికే వచ్చి పడింది.

ఆ సింహపు పిల్లను నేను ఎరుగుదును. ఆ కోతులను కూడా ఎరుగుదును.

1996లో మా బావమరిది ఇంట్లో కొత్తగా కంప్యూటర్ కొన్నారు. మా అబ్బాయికి అప్పుడు పదేళ్ళు. ఆదివారం సాయంత్రం మేనమామ ఇంటికి వెళ్తే చాలు, వాడు ఆ కంప్యూటర్ ముందు కూర్చుని ఈ ఆటే ఆడేవాడు. మొదటి లెవెల్ దాటేవాడు. రెండవ దానిలో కోతుల దగ్గర ఆగిపోయేవాడు. ఎన్ని వారాలు ప్రయత్నించినా అంతే. ఒకనాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకు కోపం వచ్చింది. "చదువులోనూ ఇంతే, ఆటలోనూ ఇంతే. ఏ పనీ చివరిదాకా చేయవు" అని అందరి ముందు కసిరాను. వాడు లేచి బయటకు వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఆట ముట్టుకోలేదు. నేను ఆ సంగతి ఆ రాత్రికే మరచిపోయాను. వాడు మాత్రం మరచిపోలేదు.

ఈ ఆటను ఎరుగని వారికి నాలుగు మాటలు చెప్తాను. దీని పేరు 'ది లయన్ కింగ్'. అదే పేరుతో వాల్ట్ డిస్నీ సంస్థ తీసిన బొమ్మల చిత్రం 1994 జూన్‌లో అమెరికాలో విడుదలైంది. ముఫాసా అనే సింహరాజుకు సింబా అనే కొడుకు. రాజు తమ్ముడైన స్కార్ రాజ్యం మీద ఆశతో అన్నను చంపి, ఆ మరణానికి కారణం నీవేనని ఆ పసివాడిని నమ్మిస్తాడు. చేయని తప్పును నెత్తిన వేసుకుని సింబా ఇల్లు వదలి పారిపోతాడు. పెద్దవాడయ్యాక తిరిగివచ్చి నిజం తెలుసుకుని తన స్థానం నిలబెట్టుకుంటాడు. ఇదీ కథ.

ఆ సంవత్సరం చివరిలోనే దీని ఆధారంగా వీడియో గేమ్ వచ్చింది. అమెరికాలో లాస్ వేగాస్ నగరంలోని వెస్ట్‌వుడ్ స్టూడియోస్ వారు దానిని తయారుచేశారు. వర్జిన్ ఇంటరాక్టివ్ వారు విడుదల చేశారు. టీవీకి తగిలించుకునే సేగా, నింటెండో పెట్టెల మీదా, కంప్యూటర్ల మీదా పిల్లలు దానిని ఆడారు. ఇటువంటి వాటిని ప్లాట్‌ఫాం ఆటలు అంటారు. బొమ్మను నడిపిస్తూ, ఒక రాయి మీది నుంచి ఇంకో రాయి మీదికి దూకిస్తూ, అడ్డం వచ్చిన వాటిని తప్పించుకుంటూ చివరిదాకా చేర్చాలి. ఈ ఆటలో మొత్తం పది లెవెల్స్ ఉన్నాయి. మొదట్లో సింబా పిల్లవాడు. దూకగలడు, దొర్లగలడు, సన్నగా గర్జించగలడు. అంతకుమించి బలం లేదు. ఏడవ లెవెల్ నుంచి పెద్ద సింహమై పంజా విసురుతాడు. చివరి లెవెల్‌లో స్కార్‌తో పోరాటం. అక్కడ ఎంత కొట్టినా ఆట ముగియదు. స్కార్‌ను కొండ అంచుకు తెచ్చి కిందికి విసిరితేనే ముగుస్తుంది.

బొమ్మలు ఎంతో అందంగా ఉంటాయి. సినిమాలోని పాటల బాణీలు వినిపిస్తాయి. చూసిన ఏ తల్లి అయినా ఇది చిన్నపిల్లల ఆట అనే అనుకుంటుంది. మొదటి లెవెల్ కూడా అలాగే ఉంటుంది. ఎండ కాస్తున్న మైదానంలో పురుగుల మీద, తొండల మీద దూకుతూ పోవడమే. రెండవ దానిలోకి వచ్చేసరికి రంగులు ఇంకా అందంగా ఉంటాయి గాని, దారి ఒక్కసారిగా కఠినమైపోతుంది. జిరాఫీల తలల మీదుగా దూకాలి. నిప్పుకోడి మీద స్వారీ చేస్తూ సరిగ్గా సమయానికి వంగాలి, ఎగరాలి. వీటి మధ్యలో ఆ కోతులు. ప్రతి కోతి తాను చూస్తున్న వైపుకే సింబాను విసురుతుంది. సింబా గర్జిస్తే కొన్ని కోతులు ఇటునుంచి అటు తిరుగుతాయి. ఏ కోతిని తిప్పాలో, దేన్ని వదిలేయాలో ముందుగా లెక్క కట్టుకోవాలి. ఒక్కటి తప్పినా మళ్ళీ వెనక్కే. ఈ కిటుకు అక్కడ ఎవరూ చెప్పరు.

ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లల సినిమాకు ఇంత కఠినమైన రెండవ లెవెల్ ఎందుకు పెట్టారు? మా అబ్బాయి ఆ సంగతి నాకు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. కాని వెస్ట్‌వుడ్ స్థాపకులలో ఒకరైన లూయీ కాసిల్ గారే ఆ మాట తరువాతి కాలంలో బహిరంగంగా చెప్పారు.

మన ఊళ్ళలో వీడియో లైబ్రరీలు ఉండేవి, మీకు గుర్తుందా? రోజుకు ఇంత అని అద్దె కట్టి సినిమా క్యాసెట్ తెచ్చుకునేవాళ్ళం. అమెరికాలో అదే విధంగా వీడియో గేమ్ క్యాసెట్లు కూడా అద్దెకు ఇచ్చేవారు. శుక్రవారం సాయంత్రం తెచ్చుకున్న పిల్లవాడు సోమవారం లోగా ఆటంతా ముగించేస్తే, ఇక దానిని కొనడు. కొనకపోతే కంపెనీకి నష్టం. అందుచేత అద్దెకు తెచ్చుకున్న ఆ రెండు మూడు రోజులలో పిల్లలు ఎక్కువ దూరం పోలేకుండా ఆట మొదటి భాగాన్ని కావాలని కష్టతరం చేశారు. క్యాసెట్ ఆటలో మరొక ఇబ్బంది కూడా ఉన్నది. ఎక్కడిదాకా వచ్చామో దాచుకునే వీలు లేదు. ప్రాణాలన్నీ అయిపోతే మళ్ళీ మొదటి లెవెల్ నుంచే. కంప్యూటర్‌కు మార్చినప్పుడు ఆ కోతులు కూడా అలాగే వెంట వచ్చాయి. అద్దె దుకాణం అంటే ఏమిటో తెలియని మా అబ్బాయి, సముద్రాలకు ఇవతల, తన మేనమామ ఇంట్లో, ఆ దుకాణాల కోసం కట్టిన గోడకు తల కొట్టుకున్నాడు. నేనేమో వాడికి పట్టుదల లేదని తీర్పు చెప్పాను.

ఇక్కడ నన్ను తప్పుగా అర్థం చేసుకోకండి. కష్టమైనదంతా చెడ్డదని నేను అనడం లేదు. పిల్లలకు కష్టం కావాలి. లెక్క పదిసార్లు తప్పు చేసి పదకొండవసారి సరిచేసినవాడికి కలిగే ఆనందం, సులభంగా వచ్చినవాడికి కలగదు. ఈ ఆటలో కూడా ఆ మేలు లేకపోలేదు. కాని నేర్పడానికి పెట్టిన కష్టం వేరు, అమ్ముకోవడానికి పెట్టిన కష్టం వేరు. మొదటిది ఎక్కడ పొరపాటు జరిగిందో చూపిస్తుంది. రెండవది ఆగిపోయేలా చేసి, జేబు వైపు చూస్తుంది. పసివాడికి ఈ రెండింటి మధ్య తేడా తెలియదు. రెండు చోట్లా వాడు అనుకునేది ఒక్కటే: "నాకు చేతకాదు." ఆ మాట అబద్ధమని చెప్పవలసినది ఇంట్లోని పెద్దవారు. నేను ఆ అబద్ధానికే వంత పాడాను.

2019 జూలైలో 'ది లయన్ కింగ్' కొత్త రూపంలో మళ్ళీ వచ్చింది. మన తెలుగులో కూడా విడుదలైంది. సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ గొంతు ఇచ్చారు. మీలో చాలామంది పిల్లలతో కలిసి చూసే ఉంటారు. అదే ఏడాది అక్టోబరులో పాత 'అల్లావుద్దీన్' ఆటనూ, ఈ ఆటనూ కలిపి నేటి కంప్యూటర్లకు, కొత్త ఆట పెట్టెలకు తిరిగి విడుదల చేశారు. ఆటలో ఏ మార్పూ లేదు. కోతులు కోతులే. కాని రెండు సౌకర్యాలు కొత్తగా చేర్చారు. తప్పు చేస్తే మీట నొక్కి కొన్ని క్షణాలు వెనక్కి వెళ్ళి సరిదిద్దుకోవచ్చు. లేదా ఆట దానంతట అది ఎలా సాగుతుందో చూస్తూ, కావలసిన చోట మనం అందుకుని ఆడవచ్చు. మా మనుమడు ఆడుతున్నది ఈ ఆటే. కొనిపెట్టినది వాళ్ళ నాన్న.

నేను చూస్తూ ఉండగానే మా అబ్బాయి గదిలోకి వచ్చాడు. కొడుకు పక్కన నేలమీద కూర్చున్నాడు. "ఆ కోతి ఎటు చూస్తోందో చెప్పు" అన్నాడు. వాడు చెప్పాడు. "మనం ఎటు వెళ్ళాలి?" వాడు చూపించాడు. "అయితే ఏం చేయాలి?" వాడు కాసేపు ఆలోచించి గర్జించాడు. కోతి తిరిగింది. మీట తాను నొక్కలేదు, దారి తాను చెప్పలేదు. మూడు ప్రశ్నలు అడిగాడు, అంతే. అరగంటలో సింబా కోతులను దాటిపోయాడు. పిల్లవాడు ఎగిరి గంతేశాడు.

అప్పుడు మా అబ్బాయి నావైపు తిరిగి, నవ్వుతూనే, "నాన్నగారూ, నేను ఆగిపోయింది ఇక్కడే" అన్నాడు. ఎక్కడ, ఎప్పుడు అని నేను అడగలేదు. ఆ సాయంత్రమంతా నా కళ్ళముందుకు వచ్చింది. "ఆనాడు నేను నీ పక్కన కూర్చోవలసింది. తిట్టాను. తప్పు నాదే" అన్నాను. కన్న కొడుకుతో ఆ మాట అనడానికి నాకు ఇంత కాలం పట్టింది. వాడు ఏమీ అనలేదు. కొంచెం జరిగి నాకు చోటు ఇచ్చాడు. ముగ్గురం కలిసి మూడవ లెవెల్ మొదలుపెట్టాము.

తలిదండ్రులారా, నేడు మీ ఇంట్లో అద్దె క్యాసెట్లు లేవు. కాని ప్రతి ఇంట్లో సెల్‌ఫోన్ ఉన్నది. దానిలో చాలా ఆటలు ఉచితమని చెప్పి మొదలవుతాయి. కొంతదూరం హాయిగా సాగుతాయి. పిల్లవాడికి రుచి తెలిశాక ఒకచోట ఆపుతాయి. డబ్బు కట్టు, లేకపోతే ఇన్ని గంటలు ఆగు అంటాయి. పాత కోతులే, చోటు మారింది. బిడ్డ ఫోను విసిరికొట్టినా, మీ ఫోనులోంచి తెలియకుండా డబ్బు కట్టినా, మొదట అరవకండి. పక్కన కూర్చుని ఆ గోడ ఎవరు, ఎందుకు కట్టారో వాడికి అర్థమయ్యేలా చెప్పండి. అది తెలిసిన పిల్లవాడు రెండోసారి అంత తేలికగా మోసపోడు.

అలాగే బిడ్డ ఆగిపోయిన చోట మీరు మీట లాక్కుని ఆడేయకండి. అది వాడి గెలుపు కాదు. ప్రశ్నలు అడగండి. ఎంతసేపు ఆడాలో ఆట మొదలుపెట్టక ముందే ఇద్దరూ మాట్లాడుకుని ఒప్పుకోండి. మధ్యలో వచ్చి కరెంటు తీసేయడం వల్ల పంతం పెరుగుతుందే గాని క్రమశిక్షణ రాదు. అన్నిటికంటె ముఖ్యంగా, ఒక ఆటలో, ఒక పరీక్షలో, ఒక రోజులో జరిగినదాన్ని పట్టుకుని "నీవు ఇంతే" అని బిడ్డ జీవితం మీద ముద్ర వేయకండి. సింబాను అంతకాలం ఇంటికి దూరం చేసినది స్కార్ పంజా కాదు. చిన్నతనంలో ఒక పెద్దవాడు అన్న మాట.

కొత్తగా వచ్చిన ఆటలో వెనక్కి వెళ్ళే మీట ఉన్నదని చెప్పాను. మన ఇళ్ళలో అటువంటి మీట లేదు. అన్న మాట వెనక్కి రాదు. కాని వెళ్ళి పక్కన కూర్చుని, "అది నా పొరపాటు" అని చెప్పవచ్చు. బిడ్డకు పదేళ్ళున్నా సరే, నలభై ఏళ్ళు దగ్గర పడినా సరే. ఎవరికైనా ఆ మాట బాకీ ఉంటే, ఈ రాత్రి భోజనాల దగ్గర తీర్చేయండి.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాము.